పిట్టకు పెట్టిన పూట మోగిన ఫోను

పత్తి విత్తనాల లోడు తేవడానికి గద్వాలకు బయల్దేరిన వినయ్ తిరిగి రాలేదు. లారీ మాత్రం బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన పక్కన దొరికింది. తాళంచెవి దానికే వేలాడుతోంది. మనిషి లేడు. మనిషి ఫోనూ లేదు. నదిలో గాలించి గాలించి పోలీసులు చేతులెత్తేశారు. శవం దొరక్కపోయినా, పోయినవాళ్ల పేరున కాకికి కూడు పెట్టినట్టే పిట్టకు పెట్టి పని ముగించేద్దామని ఊరి పెద్దలు తేల్చారు. ఆ వంట జరుగుతున్న పొద్దునే, వినయ్ భార్య స్వరూప మణికట్టు మీద అతను ఇంట్లో వదిలి వెళ్లిన స్మార్ట్ వాచీ అదిరింది. నిన్నటినుంచీ తెగిన గొలుసు బొమ్మే చూపించిన తెర మీద నీలం గుర్తు వెలిగింది.

వినయ్ ఫోను కనెక్ట్ అయింది.

స్వరూప చేతిలో గరిటె తలకాయ కూర గిన్నెలోకి జారిపోయింది.

"ఏందొదినా, చెయ్యి కాలిందా?" అంది పక్కన జొన్నరొట్టెలు తడుతున్న రేఖ. వినయ్ చెల్లెలు. వనపర్తిలో ఒక మొబైల్ షాపులో పనిచేస్తుంది.

స్వరూప చెయ్యి చాపింది. రేఖ చూసింది. పెనం మీద రొట్టె మాడుతున్నా చూస్తూనే ఉంది.

"దీన్ని ఇంకా పెట్టుకునే ఉన్నవా? చార్జింగే లేదంటివి గద!"

"నిన్న కొత్తకోటల ఎక్కిచ్చిన. పంక్చర్ షాపు పక్కన ఫోన్ కవర్లమ్మే పిల్ల దగ్గర గీ రకం వైరుండె. పిన్నులు నిలుస్తలేవని రబ్బరు బ్యాండేసి కట్టింది."

"నేను దొరకదని చెప్పిన గద."

"నువ్వు దొరకదన్నవనే నేను పోయిన. ఇంట్ల ఆయన గుర్తు గిదొక్కటే ఉన్నది రేఖా."

నిజానికి వినయ్ ఆ వాచీని ఇంట్లో వదిలిందే రేఖ కోసం. బ్యాటరీ పూట కూడా నిలవడం లేదని, షాపులో చూపించమని. స్వరూప ఇవ్వడం మరిచిపోయింది. ఆ తర్వాత ఇవ్వబుద్ధి కాలేదు.

"పది మీటర్ల లోపలుంటేనే కలుస్తదని నువ్వే చెప్తివి, ఆయన కొన్న దినం," అంది స్వరూప. "అంటే ఫోను ఇంట్లనే ఉన్నట్టు గద?"

"అయ్యో ఒదినా! ఆధార్ ఫోనుకు కలిసుంటది."

అదీ నిజమే కావచ్చు. పుణెకో ముంబైకో పనికి పోయే మనుషులున్న ఇళ్లలో ఒక ఫోను ఎప్పుడూ ఇంటిపట్టునే ఉంటుంది. ఆధార్‌కు కలిపిన నంబరు దాంట్లో ఉంటుంది. రేషన్‌కైనా పింఛన్‌కైనా ఓటీపీ దానికే వస్తుంది. మనిషి వేరే సిమ్ము వేసుకుని దేశం మీదికి పోతాడు. ఈ ఇంట్లో ఆ ఫోను అత్త భాగ్యమ్మ నడుముకు కట్టుకున్న సంచిలో, వక్కల పక్కన ఉంటుంది.

భాగ్యమ్మ దాన్ని తీసి ఇచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. ఎందుకని కూడా అడగలేదు. స్వరూప దాన్ని స్విచాఫ్ చేసింది. వాచీ వైపు చూసింది.

నీలం గుర్తు అలాగే ఉంది.

అంతలోనే వాచీ మళ్లీ అదిరింది. తెర మీద మెసేజ్ వచ్చి పడింది. కానీ ఒక్క అక్షరమూ లేదు. వరసగా చిన్న చిన్న డబ్బాలు.

"గివేంది డబ్బాలు?"

"దానికి తెలుగు రాదు. తెలుగుల ఎవలన్న మెసేజ్ పెడ్తే గట్లనే డబ్బాలు పడ్తయి." ఆ మాట అన్నాక రేఖ పెదవి కొరుక్కుంది. "పాతయి ఒదినా. వాచీలు పాత మెసేజులు మింగి పెట్టుకుంటయి. చార్జింగ్ ఎక్కంగనే కక్కుతయి. షాపుకు రోజూ ఇద్దరు ముగ్గురు గిదే పరేషాన్‌తోని వస్తరు. నాకియ్యి, రీసెట్ చేసిస్త."

రేఖ చెప్పే తీరు నమ్మేలా ఉంది. స్వరూప బెల్టు సగం విప్పింది కూడా. మళ్లీ బిగించుకుంది.

"ఈ పని అయిపోనీ. రేపిస్త."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. పిట్ట ముట్టిందంటే అందరికీ అతను పోయినట్టే. పోలీసులు ఫైలు మూసేస్తారు. ఇంటివాళ్లు ఎదురుచూడటం మానేస్తారు. ఈ పూట దాటితే తన మొగుణ్ని వెతికే మనిషి లోకంలో ఇంకొకరు ఉండరు. అది మాత్రం తెలుసు.

నీళ్ల బిందె పట్టుకుని స్వరూప ఇంటి వెనక్కి నడిచింది. బర్రెల కొట్టం దాటగానే వాచీ చిన్నగా వణికి తెగిన గొలుసు చూపించింది. వెనక్కి తిరిగింది. వంటింట్లోకి రాగానే నీలం గుర్తు. వాకిట్లోకి వచ్చింది. నీలం గుర్తే, ఇంకా గట్టిగా.

వాకిట్లో మంచం మీద మామ మల్లన్న తల వేలాడేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా కుర్చీలో లారీ ఓనర్ ప్రదీప్. పక్కన వాడకట్టు ఇరుగుపొరుగు మనుషులు. స్వరూప చూపు ప్రదీప్ మీద ఆగింది. లారీ అతనిది. లోడు మాట్లాడింది అతను. వినయ్‌కు చివరిసారి ఫోను చేసిందీ అతనే.

"ఏం చెల్లె, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు ప్రదీప్ ఇబ్బందిగా.

"ఏం లేదన్నా. పండ్లు సాలవంటున్నరు."

"గంతేనా! కొత్తకోట పోయి పట్టుకొస్త." బండి తాళం తీసి లేచాడు.

బండి సందు మలుపు తిరిగే వరకూ స్వరూప మణికట్టు చూసుకుంది. గొలుసు తెగుతుందనుకుంది. తెగలేదు. బండి చప్పుడు కూడా వినిపించకుండా పోయింది. నీలం గుర్తు నీలంగానే వెలుగుతోంది.

మరి ఎవరు?

బ్యాటరీ మాత్రం కళ్లముందే కరిగిపోతోంది. ఫోనుకు కలిసి ఉన్నంతసేపూ వాచీ ఛార్జింగ్ తాగేస్తుంది. పొద్దున సగానికి దగ్గరగా ఉన్నది ఇప్పుడు పద్దెనిమిది శాతం.

"ఇంక నడువుండ్రి! పొద్దెక్కుతుంది. ఎండల పిట్టలు రావు," అని కేకేసింది తిమ్మమ్మ. వరసకు వినయ్‌కు పెద్దమ్మ. చావైనా పెళ్లైనా ఆ వాడకట్టులో పెత్తనం ఆమెదే.

అందరూ చెలకకు బయల్దేరారు. ముందు తిమ్మమ్మ, వెనక గంపలతో ఆడవాళ్లు, ఆ వెనక మగవాళ్లు. దారి పొడుగునా స్వరూప కొంగు కిందనుంచి వాచీ చూసుకుంటూనే ఉంది. గొలుసు ఒక్కసారి కూడా తెగలేదు. ఫోను ఇంట్లో ఎక్కడో దాచి లేదన్నమాట. తమతోపాటు నడిచి వస్తోంది.

వేరుశనగ పీకిన చెలక. మనిషి దాక్కునేంత మొక్క లేదు, చుట్టుపక్కల ఇల్లు లేదు. మధ్యలో మోదుగాకు విస్తరి పరిచి వినయ్‌కు ఇష్టమైనవన్నీ పెట్టారు. జొన్నరొట్టె, తలకాయ కూర, మిర్చి బజ్జీ, ఒక కల్లు సీసా. పక్కన అతని చారల అంగీ. అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు.

ఒక కాకి విద్యుత్ స్తంభం మీదికి వచ్చి కూర్చుంది. దిగలేదు.

"రారా వినయా! ఏం కోపమొచ్చిందిరా? కల్లు గుడ తెచ్చినం," అని పిలిచింది తిమ్మమ్మ.

"బిర్యానీ లేదని అలిగిండు," అన్నారు ఎవరో వెనకనుంచి. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. అప్పుడే వచ్చిన ప్రదీప్ పండ్ల సంచి విస్తరి దగ్గర పెట్టి మగవాళ్లలో కలిశాడు.

కాకి అటూ ఇటూ చూసింది. దిగలేదు.

"ఒదినా, వాచీ తియ్యరాదు," అంది రేఖ పక్కకు వచ్చి, చెవిలో. "మెరుస్తుంది. పిట్ట బెదురుతది."

స్వరూప తియ్యలేదు. చెయ్యి కొంగు కింద దాచుకుంది. దాచుకున్న చోటే వేలితో తెర జరిపింది. గుండె బొమ్మ, అడుగుల బొమ్మ, వాన బొమ్మ. ఆ తర్వాత ఫోను మీద భూతద్దం పెట్టిన బొమ్మ. వినయ్ లారీ సీటు కింద ఫోను పడేసుకుని రోజూ అదే నొక్కేవాడు. సైలెంట్‌లో పెట్టి ఉన్నా ఆ ఫోను అరిచి గోల పెట్టేది. ఇంట్లోనే నొక్కి ఉంటే ఏ బట్టల మూట కిందనో మోగేది, అందరూ నాది కాదనేవారు. ఇక్కడ అలా కాదు. నిలబడిన మనుషులు తప్ప ఏమీ లేదు.

బ్యాటరీ ఐదు. ఒక్కసారికే వస్తుందేమో. నొక్కింది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత ఆ నిశ్శబ్దంలో గంట మోగింది. పోలీసు బండి సైరన్‌లాంటి మోత. కాకి కావుమంటూ లేచిపోయింది.

"ఎవలదిరా గది? ఫోన్లు బంద్ పెట్టుకోండ్రని చిలక్కు చెప్పినట్టు చెప్తి గద!" తిమ్మమ్మ మండిపడింది.

మోత మల్లన్న ఛాతీ మీదనుంచి వస్తోంది. ముసలాయన రెండు చేతులతో బనీను లోపలి జేబును నొక్కి పట్టుకున్నాడు. ఏడుస్తున్న పిల్ల నోరు మూసినట్టు. ఎట్లాగో బొత్తాం దొరికి మోత ఆగింది.

"అలారం... అలారం మోగింది," అని గొణిగి, పైపంచె సర్దుకుంటూ చెలక గట్టు వైపు నడిచిపోయాడు.

"కొడుకు పోయిన దుఃఖంల ఏం తోస్తలేదు పాపం," అన్నారెవరో. "పిట్ట మళ్ల వస్తది. చేతులు జోడించుండ్రి, కదలకుండ్రి," అంది తిమ్మమ్మ.

స్వరూప మామ వెనకే పోయింది. తాను విన్నది ఆమెకు ఇంకా నమ్మకంగా లేదు. కొడుకు కోసం జాలర్ల పుట్టి పడవ ఎక్కి నది అంతా తిరిగిన మనిషి. మూడు పూటలా అన్నం మానేసిన మనిషి.

"మామా. గా ఫోను ఎవలది?"

"నాదే."

"నీకు ఫోనెక్కడిది? గది ఆయన మోత. నేనే మోగిచ్చిన." వాచీ చూపించింది.

మల్లన్న వాచీ చూశాడు, కోడలి మొహం చూశాడు. గట్టు మీద కూలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు. పగిలిన మూల, వెనక అంటించిన లారీ బొమ్మ. వినయ్‌దే.

"వాడు బతికే ఉండు బిడ్డా," అన్నాడు గుసగుసగా. ఏడుస్తూ నవ్వుతున్నాడు.

స్వరూప ఆయన ముందు కూర్చుంది. "ఎక్కడ? ఎట్ల? నీకెట్ల తెలుసు?"

"ఒకనాడు పొద్దున తలుపు తీస్తే కడప మీద ఉండె ఫోను. దాంట్ల మెసేజ్ ఉండె. రోజొకటి వస్తుంది. నేను అద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని సదువుకుని బంద్ పెడ్తున్న. ఇయ్యాల బంద్ పెట్టుడు మరిచిన. నువ్వే సదువు."

ఫోను ఇచ్చాడు. పేరు లేని కొత్త నంబరు. స్వరూప చదివింది.

"నాయినా, నేను మంచిగున్న. నన్ను కొందరు ఎతుకుతున్నరు. నేను పోయినని అందరు అనుకోవాలె. అమ్మకు చెప్పకు. స్వరూపకు గుడ చెప్పకు. నువ్వు అన్నం తిను."

రెండోసారి చదివింది. ముందు సంతోషం వచ్చింది. దాని వెంటే తన పేరున్న మాట దగ్గర కళ్లు ఆగాయి.

"నాకు గుడ చెప్పొద్దన్నడా మామా?"

"నీ మొకంల ఏదీ దాగదని గట్లన్నడు కావొచ్చు. కోపం తెచ్చుకోకు."

ఆమె కోపం తెచ్చుకోలేదు. ఇంకేదో అర్థం కావడం లేదు. మెసేజులు కిందికి జరుపుతూ పోయింది. అన్నీ తెలుగు అక్షరాలే. చక్కటి తెలుగు. వత్తులతో, దీర్ఘాలతో.

"మామా, ఈయన పుణెల గద సదివింది?"

"అవ్. మేం బిల్డింగు పనికి పోయినప్పుడు ఆడి బడిలనే ఏసినం. మరాఠీ సదివిండు."

"మరి తెలుగెప్పుడు నేర్చుకున్నడు? బస్సు మీది బోర్డు గుడ నన్నే సదవమంటడు. నాకు ఏం మెసేజ్ పెట్టినా ఇంగ్లీషు అక్షరాలల్లనే పెడ్తడు."

మల్లన్న అయోమయంగా చూశాడు. "ఇప్పుడు నోటితోని చెప్తే ఫోనే రాస్తదంట గద. రేఖ చెప్పింది. నాకు తెలుగే వస్తదని వాడు గట్ల చేస్తున్నడు అనుకున్న."

అది కూడా నిజమే కావచ్చు. ఈ రోజు ప్రతి మాటా నిజమే కావచ్చు. బతికున్నాడా? బతికుంటే ఫోను గడప మీద పెట్టడానికి వచ్చినవాడు తలుపెందుకు కొట్టలేదు? బతికి లేకపోతే ఈ ముసలాయన్ని అన్నం తినమని రోజూ బతిమాలుతున్నది ఎవరు?

ఆమె చేతిలోనే ఫోను వణికింది. మణికట్టు మీద వాచీ కూడా వణికి, డబ్బాలు చూపించి, నల్లబడిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

కొత్త మెసేజ్.

"నాయినా, ఫోను ఎందుకు మోగింది? బంద్ పెట్టుకో. ఎవలకు చూపియ్యకు."

మల్లన్న ఆమె భుజం మీదుగా కూడబలుక్కుని చదివాడు. మొహం వెలిగిపోయింది. "ఇన్నడు! మోత ఇన్నడు! ఈడనే ఉండు నా కొడుకు!" లేచి నాలుగు దిక్కులూ చూశాడు.

నాలుగు దిక్కులా ఖాళీ చెలక. ఎండ. ఒక్క చెట్టు లేదు. ఒక్క గుడిసె లేదు.

స్వరూప అటు చూడలేదు. ఆ మోత విన్నవాళ్లెవరో ఆమెకు తెలుసు. విస్తరి చుట్టూ నిలబడిన ఆ పదీ పదిహేను మంది. ఇంకెవరికీ వినిపించే వీలే లేదు.

ఆమె ఆ నంబరు మీద వేలు నొక్కి ఫోను చెవికి పెట్టుకుంది. కళ్లు మాత్రం జనం మీదే.

రింగ్ అవుతోంది.

తిమ్మమ్మ చేతులు జోడించి నిలబడింది. భాగ్యమ్మ చేతులు జోడించి ఉంది. ప్రదీప్ చేతులు జోడించాడు. వాడకట్టు మగవాళ్లు, ఆడవాళ్లు, అందరి చేతులూ పిట్ట కోసం జోడించే ఉన్నాయి. ఒక్కరివి తప్ప. రేఖ అందరికీ వెనగ్గా నిలబడి ఉంది. ఆమె కుడి చెయ్యి భుజానికి వేలాడే సంచిలో ఉంది.

రింగ్ టక్కున ఆగిపోయింది. రేఖ చెయ్యి బయటికి వచ్చింది. మెల్లగా తల తిప్పి గట్టు వైపు చూసింది. వదిన చెవి దగ్గర అన్న ఫోను చూసింది. అంత దూరంనుంచి కూడా ఆమె మొహం తెల్లబోవడం స్వరూపకు కనిపించింది.

మామకు అక్షరాలు నేర్పింది రేఖే. బడికి పోయే రోజుల్లో సాయంత్రాలు పలక ముందు పెట్టి, చెయ్యి పట్టి దిద్దించింది. ఆయన తెలుగు తప్ప ఇంకేదీ చదవలేడని ఆ ఇంట్లో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు.

"ఎత్తిండా బిడ్డా?" మల్లన్న ఆత్రంగా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నడు? నా వినయేనా?"

స్వరూప ఫోను చెవి దగ్గరినుంచి దించింది.

రేఖ చెయ్యి మళ్లీ సంచిలోకి పోయింది. ఈసారి ఆమె దాచుకోలేదు. ఫోను బయటికే తీసి, తల వంచి, గబగబా ఏదో కొట్టింది. స్వరూప అరచేతిలో ఫోను వణికింది.

"వదినా, నీ కాళ్లు మొక్కుతా. నాయినకు చెప్పకు. అన్న ఎక్కడున్నడో నాకొక్కదానికే తెలుసు."

"మళ్లొచ్చిందా?" మల్లన్న జేబులోంచి కళ్లద్దాలు తీసి, పైపంచె కొసతో తుడుచుకుని, ఫోను కోసం చెయ్యి చాపాడు. "ఇటియ్యి బిడ్డా. నేనే సదువుకుంట."